ఓడలో ఉన్న అల్లుడు

ఫిబ్రవరి 11

అమ్మడికి పెళ్లి కుదిరిందని చెప్పేశాను.

ఎవరితో కుదిరింది అంటే ఏం చెప్పను? కుదరలేదు. కుదరదు కూడా. మొన్న ఆదివారం ఫోన్లో తెగేసి చెప్పింది. "అమ్మా, ఇంక సంబంధాలు చూడొద్దు. ఎవర్నో చూసుకున్నానని కాదు, ఎవడో మోసం చేశాడనీ కాదు. నాకు అక్కర్లేదు, అంతే. సాయంత్రం గదికొచ్చి బూట్లు విప్పేసి కిటికీ దగ్గర కూచుంటానా, ఆ కాసేపట్లో పక్కన ఇంకో మనిషి ఉంటే బావుండునని నాకెప్పుడూ అనిపించలేదు."

"ముసలితనంలో తోడు కావద్దూ?" అన్నాను.

"నాన్న నీకు తోడా?" అంది.

"కాక?" అన్నాను.

ముప్పై దాటిన పిల్ల. వేరే ఊళ్లో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం. చేతులకి గ్రీజు, నడుముకి పనిముట్ల పట్టీ. సరేలే తల్లీ అని ఫోను పెట్టేసి, స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఇవాళ టముకు అడిగింది. కొత్తేం కాదు, దుప్పటి మడిచినప్పుడల్లా అడుగుతుంది. ఆ పేరు నేను పెట్టిందే. ఆవిడ చెవిన వేసిన మాట ఆస్పత్రి మూడో అంతస్తుకి లిఫ్టు కన్నా ముందు చేరుతుంది. (లిఫ్టు ఎలాగూ పాడై కూచుందనుకో. మూటలన్నీ మెట్ల మీదే మోస్తున్నాం.) ఆస్పత్రి బట్టల గదిలో ఆవిడా నేనూ జోడీ. డ్రయ్యరులోంచి వేడివేడిగా వచ్చిన దుప్పటికి ఆ కొస ఆవిడ, ఈ కొస నేను. విదిలించి, అంచులు కలిపి, ఒకరి దగ్గరికి ఒకరం నడిచి, కొస అందిస్తాం. మళ్లీ వెనక్కి. రోజంతా ఇదే. ఎదురుగా ఉన్న మొహం తప్పించుకునే వీలుండదు.

"ఏం వదినా, మన అమ్మడి సంగతి ఏమైనా తేలిందా?"

నా నడుం నొప్పి, నా నిద్రలేమి, మొన్నటి ఏడుపు, అన్నీ కలిసి నోట్లోంచి బయటికొచ్చాయి. "తేలింది వదినా. కుదిరింది."

దుప్పటి వదిలేసి నన్ను వాటేసుకుంది. "అబ్బాయి ఏం చేస్తాడు?"

ఆవిడ భుజం మీదుగా నాకు గోడ మీది క్యాలెండరు కనబడింది. ఏదో మందుల కంపెనీది. ఫిబ్రవరి నెలకి ఓడ బొమ్మ వేశారు.

"ఓడలో" అన్నాను.

ఫిబ్రవరి 12

ఆస్పత్రంతా తెలిసిపోయింది. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి మరీ శుభాకాంక్షలు చెప్పాడు.

ఫిబ్రవరి 13

రేపు చెప్పేస్తాను. తప్పిపోయిందని చెప్తాను. సంబంధాలు తప్పిపోవడం లోకంలో లేదా?

ఫిబ్రవరి 24

తప్పిపోలేదు. పెళ్లయిపోయింది.

ఆఫీసులో సంతకాలు పెట్టుకుని చేసుకుంటున్నారు, ఇద్దరికీ ఆర్భాటం గిట్టదు, ఎవర్నీ పిలవడం లేదు అని చెప్పి రెండు రోజులు సెలవు పెట్టాను. ఇంట్లో ఆయనకి ఆస్పత్రిలో నీళ్లు రావడం లేదన్నాను. ఆయన "ఊఁ" అన్నారు. రెండు రోజులూ కిటికీ తలుపులు వేసుకుని, ఎక్కడ టముకు చూస్తుందోనని బజారుకి కూడా పోకుండా, తేలు కుట్టిన దొంగలా ఇంట్లో పడి ఉన్నాను.

ఇవాళ వెళ్లేసరికి అంతా కలిసి కొన్న కానుక బల్ల మీద పెట్టి ఉంది. పింగాణీ కంచాలు, గిన్నెలు, నీలం అంచువి. ఇస్త్రీ చేసే ముసలాయన కూడా తన వాటా వేశాడట. నేను చూస్తూ నిలబడ్డాను. "ఆనందం పట్టలేకపోతోంది పాపం" అంది టముకు.

ఇంటికి తెచ్చి మంచం కిందికి తోశాను. తుడిచేటప్పుడు చీపురు తగిలి గల్లుమంటోంది.

మార్చి 9

ఆయనకి తెలిసిపోయింది.

కూరల కోసం వెళ్లి ఆలస్యంగా వచ్చారు. సంచీ బల్ల మీద పెట్టి, చెప్పులు విప్పి, కుర్చీలో కూచున్నారు. ఆయన కరెంటు మీటర్ల ఉద్యోగం మానిన దగ్గర్నుంచి మా ఇంట్లో మాటలంటే "టీ", "ఫ్యాను", "తలుపు వేశావా". మీటర్లు చూసినట్టే ఇంట్లోనూ తల ఎత్తి ఒకసారి చూసి వెళ్లిపోతారు.

"టముకు మొగుడు కనబడ్డాడు" అన్నారు. నేను పెట్టిన పేరు ఆయన పలకడం మొదటిసారి విన్నాను. "అల్లుడు ఇంకా రాలేదా అని అడిగాడు."

కత్తిపీట మీద నా చేతిలోని కూర ముక్క అలాగే ఆగిపోయింది. తల కొట్టేసినట్టయింది. "మీరేమన్నారు?"

"వస్తాడండీ, సెలవు దొరకద్దూ, అన్నాను."

ఇంక తిడతారనుకున్నాను. లేకపోతే మౌనం మొదలవుతుందనుకున్నాను. ఆయన మౌనం సంగతి నాకు తెలుసు. ఒకసారి మా అక్కకి ఆపరేషనంటే అడక్కుండా వెళ్లొచ్చానని ఒక వానాకాలం మొత్తం నాతో మాట్లాడలేదు. వానలు మొదలైనప్పుడు ఆపారు, గొడుగులు అటకెక్కించాక మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో అమ్మడికి జ్వరం వచ్చి తగ్గింది. అప్పుడు కూడా.

ఆయన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "ఓడలో ఏం పని?" అన్నారు.

"అదింకా అనుకోలేదు."

"ఇంజను గదిలో అని చెప్పు. పైన పనంటే సముద్రం ముందు నిలబడ్డ ఫొటో చూపించమంటారు. ఇంజను గదిలో ఫొటోలు తియ్యనివ్వరు."

నవ్వొచ్చింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. తర్వాత నాకు భలే సిగ్గేసింది, నవ్వినందుకు కాదు, ఆయనతో కలిసి నవ్వినందుకు.

మార్చి 17

ఆయన అమ్మడి చిన్నప్పటి అట్లాసు పుస్తకం అటక మీంచి దింపారు. అగ్గిపుల్ల విరిచి సముద్రం మీద పెట్టారు. అది ఓడట. రోజుకి ఎంత దూరం పోతుందో ఎక్కడో కనుక్కుని వచ్చారు. అగ్గిపుల్ల రోజూ కాస్త జరుగుతోంది.

ఆయనకి ఓడలంటే ఇష్టమని నాకు తెలియదు. ఇన్నేళ్లు కాపురం చేశాను.

ఏప్రిల్ 2

సాయంత్రం టీ పట్టుకుని కూచుంటే పొద్దుపోయేదాకా అల్లుడి కబుర్లే. రేవులో దిగగానే ముందు అమ్మడికి ఫోను చేస్తాడు. తిన్నావా అని అడుగుతాడు, అడిగి ఊరుకోడు, ఏం తిన్నావని అడుగుతాడు. తప్పు తనదైతే తనే ముందు మాట కలుపుతాడు. (ఇది నేను పెట్టాను.) అతని బట్టలు అతనే ఉతుక్కుంటాడు. (ఇది ఆయన పెట్టారు! నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన అట్లాసు చూసుకుంటున్నారు.)

"కొంచెం మొండితనం ఉండాలి" అన్నారు ఆయన. "అసలు లోపమే లేదంటే ఎవరూ నమ్మరు."

"ఏం లోపం పెడదాం?"

"గురక పెట్టు."

ఇన్నేళ్లలో మేమిద్దరం ఒక విషయం మీద ఇంతసేపు మాట్లాడుకోలేదు. అదీ లేని మనిషి గురించి. రాస్తుంటేనే మొహం వేడెక్కుతోంది. అయినా నిజం చెప్పాలంటే, బట్టల గదిలో నాలుగు కొట్టేసరికి ఇంటికెళ్లాలని తొందరగా ఉంటోంది. ఇంత తొందర కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కూడా లేదు.

అమ్మడు ఆదివారం ఫోను చేసింది. "ఏంటమ్మా, గొంతు హుషారుగా ఉంది?" అంది. నాన్నకి నడుం నొప్పి తగ్గిందిలే అన్నాను. ఆయనకి నడుం నొప్పి ఎప్పుడూ లేదు.

ఏప్రిల్ 18

టముకు కూతురు పెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది.

మొగుడు కొట్టడు, తాగడు, వేరే ఆడది లేదు. మాట్లాడడు. ఉలుకూ పలుకూ ఉండదట. ఏదో ఒకటి నచ్చదు, అదేంటో చెప్పడు, ఇక నెలా రెండు నెలలూ అంతే. బయటివాళ్లతో బ్రహ్మాండంగా మాట్లాడతాడట. "ఇదేం జబ్బు వదినా, దీనికి కాపురం వదులుకుంటారా ఎవరైనా?" అని టముకు దుప్పటి ఆ కొస నుంచి అడిగింది. "మీ అమ్మడు చూడు, మొగుడు సముద్రం మీద, ఎంత నిబ్బరంగా ఉందో. నువ్వొకసారి మా పిల్లకి చెప్పవూ? నీ మాటంటే దానికి గురి."

చెప్తాలే అన్నాను. ఏం చెప్తానో నాకే తెలియదు.

ఏప్రిల్ 21

మధ్యాహ్నం ఆ పిల్ల బట్టల గదికి వచ్చింది. దిండు గలీబుల మూటల మధ్య కూచున్నాం. సన్నగా, చెప్పింది వింటూ, చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ. టముకు కడుపున ఇంత నెమ్మదైన పిల్ల ఎలా పుట్టిందో.

"ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా ఉంటోంది అత్తా" అంది. "గిన్నెలతో మాట్లాడుతున్నాను. పిచ్చెక్కుతుందేమోనని భయమేసి వచ్చేశాను."

అప్పుడు ఊరుకోవాల్సింది. నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా నన్ను కాదు, టముకుని అంటారు. కానీ ఆ పిల్ల నన్నే చూస్తోంది, పెద్దదాన్ని, అనుభవమున్నదాన్ని. నాకు గొప్పగా అనిపించింది.

"మా అమ్మడికీ ఇంతేనమ్మా" అన్నాను. "మా అల్లుడు మొదట్లో అచ్చం ఇలాగే. ఒకసారి చెప్పకుండా స్నేహితురాలి ఆపరేషనుకి వెళ్లిందని చాన్నాళ్లు మాట్లాడలేదు. అది ఓర్చుకుంది. ఎదురు మాట్లాడకుండా, పని చేసుకుంటూ, కిక్కురుమనకుండా. అంతే, ఆర్నెల్లు తిరిగేసరికి ఎలా మారాడనుకున్నావు? ఇప్పుడు రేవులో దిగితే దానికే ముందు ఫోను. మగాళ్లు అలాగే, కొంచెం టైమివ్వాలి."

ఆర్నెల్లు! పెళ్లయి రెండు నెలలు కూడా కాలేదు. లెక్క తప్పానని నాకు వెంటనే తట్టింది. ఆ పిల్లకి తట్టలేదు. నమ్మాలనుకున్నవాళ్లు లెక్కలు చూసుకోరు.

"ఆర్నెల్లు" అంది మెల్లిగా. "ఓర్చుకోవచ్చు."

ఏప్రిల్ 22

వెళ్లింది. టముకు నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

మంచి పనే చేశాను. ఒక కాపురం నిలబెట్టాను. ఏదో ఒక మాట చెప్పి అయినా.

ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది?

మే 6

టముకు ఈ మధ్య మాట్లాడటం తగ్గించింది. ఎండలు కదా.

మే 9

ఎండలు కాదు. ఇవాళ అడిగాను. "దానికి ఫోను చేస్తే ఎత్తుతుంది వదినా" అంది. "ఎత్తి, ఊఁ అంటుంది. బావున్నావా అంటే ఊఁ. తిన్నావా అంటే ఊఁ. మొన్న వెళ్లి చూశాను. ఇంట్లో ఇద్దరూ ఉన్నారు, పైన తిరిగే ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు. ఇదేంటే అంటే, ఆర్నెల్లమ్మా, అత్త చెప్పింది కదా, అంది."

ఆ తర్వాత నాలుగు దుప్పట్లు మడిచాం. ఆవిడ నా వంక చూడలేదు. నేనే ఆవిడ వంక చూడలేదేమో.

మే 10

అమ్మడి వయసే ఆ పిల్లది. రెండేళ్లు చిన్నదేమో.

మే 19

ఇవాళ్టిది రాయాలంటే చెయ్యి రావడం లేదు. రాస్తాను.

పాడైన లిఫ్టు బాగుచేయడానికి ఎవరో కొత్త కంపెనీవాళ్లు వస్తున్నారని సూపర్‌వైజరమ్మ నాలుగు రోజుల్నించి చెబుతూనే ఉంది. ఏ కంపెనీ అని నేను అడగలేదు. లోకంలో లిఫ్టులు బాగుచేసే కంపెనీ ఒక్కటే ఉంటుందా అని ఇప్పుడు నన్ను నేను సమర్థించుకోవచ్చు. అసలు సంగతి ఏంటంటే, ఓడల ధ్యాసలో పడి నాకు కూతురి ఉద్యోగమే గుర్తు లేదు.

పది గంటలకి తలుపు దగ్గర బూట్ల చప్పుడు. "ఆశ్చర్యపోయావా?" అంటూ అమ్మడు. నడుముకి పట్టీ, నెత్తిన టోపీ, మొహం నిండా నవ్వు. తనే అడిగి మరీ ఈ పని వేయించుకుందట, నాకు చెప్పకుండా వచ్చి నన్ను సంతోషపెడదామని.

నా చేతుల్లో దుప్పటి కొస ఉంది. రెండో కొస టముకు చేతుల్లో ఉంది.

"ఏమ్మా పెళ్లికూతురా!" అని టముకు ఆ నెలరోజుల్లో మొదటిసారి గొంతెత్తింది. "మీ ఆయనేడి? ఎక్కడిదాకా వచ్చింది ఓడ?"

అమ్మడు టముకుని చూసింది. నన్ను చూసింది. ఇస్త్రీ ముసలాయన పెట్టె పక్కకి పెట్టి మరీ చూస్తున్నాడు. నేను తల దించేశాను. నేల మీద దారప్పోగు ఒకటి ఉంటే దాన్ని చూస్తూ నిలబడ్డాను.

"ఓడ ఎక్కడుందో నాకన్నా అమ్మకే బాగా తెలుసండీ అత్తయ్యగారూ" అంది అమ్మడు.

అందరూ నవ్వారు. ఎంత కలివిడి పిల్ల అన్నారు. టముకు దాని చెయ్యి పట్టుకుని కూచోబెట్టుకుంది. "నువ్వైనా ఒకసారి మా పిల్లకి ఫోన్లో చెప్పమ్మా. మీ ఆయన మాట్లాడకపోతే నువ్వు ఎట్లా ఓర్చుకున్నావో చెప్పు. మీ అమ్మ చెప్తేనే వెళ్లింది. పాపం, ఇప్పుడు మరీ..." అని ఆగిపోయింది.

అమ్మడి మొహంలో నవ్వు పోవడం చూశాను. అది నన్ను చూడలేదు. "లిఫ్టు చూడాలండీ" అని లేచింది.

సాయంత్రానికి లిఫ్టు నడిచింది. మూటలు పైకి పోయాయి. అంతా చప్పట్లు కొట్టారు. మా అమ్మాయేనండీ అని అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంటికొచ్చాం. బల్ల మీద అట్లాసు తెరిచే ఉంది, అగ్గిపుల్ల సముద్రం మధ్యలో. ఆయన అమ్మడిని చూసి గబుక్కున లేచి పుస్తకం మూయబోయారు.

"ఉంచు నాన్నా" అంది. కూచుంది. "చెప్పండి. ఎలా ఉంటాడు?"

ఇద్దరం పరీక్ష తప్పిన పిల్లల్లా నిలబడ్డాం.

"అడుగుతున్నాను కదా. నా మొగుడు ఎలాంటివాడో నాకు తెలియద్దూ?"

ఆయనే మొదలుపెట్టారు. ఇంజను గది. గురక. ఉతుక్కునే బట్టలు. రేవులో దిగగానే ఫోను. నేను ఇంకొకటి ఇంకొకటి కలిపాను. అమ్మడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. మధ్యలో రెండుసార్లు నవ్వు ఆపుకుంది కూడా. నేను చూశాను. అమ్మయ్య, కోపం పోయిందనుకున్నాను.

అంతా అయ్యాక, "ఎన్నాళ్లకోసారి ఇంటికొస్తాడు?" అంది.

"ఏడాదికి రెండు నెలలు" అన్నారు ఆయన.

"చూశావామ్మా" అంది. అరవలేదు. అరిస్తే బావుండేది. "నీ ఇష్టమొచ్చినట్టు తయారు చేసుకునే వీలుంది నీకు. అందగాణ్ణి చెయ్యొచ్చు, కోటీశ్వరుణ్ణి చెయ్యొచ్చు. నా కోసం నువ్వు అన్ని విధాలా మంచి మొగుణ్ణి తయారుచేశావు. చేసి ఇంట్లోంచి పంపించేశావు. నువ్వు కూడా ఇంట్లో ఉండే మంచి మొగుణ్ణి ఊహించలేకపోయావు. ఇంక నన్నెందుకమ్మా ఒప్పించాలని చూస్తావు?"

నేను ఆయన వంక చూడలేదు. ఆయన నా వంక చూశారో లేదో తెలియదు.

"నన్ను చూస్తే నీకు సిగ్గుగా ఉందా అమ్మా?"

"లేదే తల్లీ."

"మరి లోకానికి నన్ను ఉన్నదున్నట్టు ఎందుకు చెప్పలేకపోయావు?"

లిఫ్టు బాగుచేసి ఊరంతటి ఆస్పత్రిని నడిపించిన పిల్ల. దాని గురించి చెప్పుకోవడానికి నాకు నిజంగా ఏమీ దొరకలేదా?

మే 20

పొద్దున్నే బస్సెక్కింది. ఎక్కేముందు, "నా సంగతి వదిలెయ్యి. నాకు పోయిందేం లేదు. ఆ అమ్మాయికి మాత్రం నువ్వే చెప్పాలి" అంది. సరేనన్నాను.

మే 21

టముకు సెలవు.

మే 22

టముకు వచ్చింది. కానీ ఇవాళ ఆపరేషన్లు ఎక్కువ, బట్టలు కుప్పలు కుప్పలు.

మే 24

తలనొప్పి.

మే 25

తలనొప్పి లేదు.

మే 27

చెప్పాను. దుప్పటి సగం మడతలో ఉండగా చెప్పాను, చేతులు ఖాళీగా ఉంటే పారిపోతానని.

"వదినా, మా అమ్మడికి పెళ్లి కాలేదు. ఓడా లేదు, అల్లుడూ లేడు. అది చేసుకోనంది. నీకు చెప్పడానికి మొహం చెల్లక అబద్ధమాడాను."

నవ్వింది ముందు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపింది. దుప్పటి పడేస్తుందనుకున్నాను. పడెయ్యలేదు. అంచు కలిపి, నా దగ్గరికి నడిచి, కొస నా చేతిలో పెట్టి, అప్పుడు మూట మీద కూలబడింది.

"మా పిల్లకి చెప్పింది?"

"అదీ."

"నీ మాట పట్టుకుని పంపాను వదినా దాన్ని. పెట్టె సర్ది నేనే పంపాను." తిట్టలేదు. టముకుకి తిట్లు రాక కాదు. కాసేపు అలా కూచుని, "నేను దానికి చెప్పను. నువ్వే వచ్చి చెప్పు" అంది.

మే 28

ఇద్దరం బస్సులో వెళ్లాం. దారి పొడుగునా టముకు ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ పక్కన అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ కూచోలేదు.

ఇల్లు అద్దంలా ఉంది. ఆ పిల్ల మొగుడు ముందు గదిలో పేపరు చదువుకుంటున్నాడు. లేచి ఎదురొచ్చి, "రండి రండి, బస్సు దొరికిందా, ఎండ చంపేస్తోంది కదండీ" అని ఎంత మర్యాదగా మాట్లాడాడో! నిజంగా చక్కటి మాటకారి. ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అతను గోడ వైపు తిరిగి, "మంచినీళ్లు" అన్నాడు. ఆ పిల్ల నీళ్లు తెచ్చింది.

మా ఇంట్లో కూడా ఎవరైనా వస్తే ఆయన గోడకే చెప్పేవారు. గోడతో అన్న మాట నేను అందుకునేదాన్ని. అది గుర్తొచ్చి గ్లాసు కింద పెట్టేశాను.

వంటింట్లో చెప్పాను. టముకు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆ పిల్ల గరిటె తిప్పుతూనే అంతా వింది. కోపం రాలేదు, కన్నీళ్లూ రాలేదు. చాలాసేపటికి, వాడక వాడక గొంతు బొంగురుపోయింది కాబోలు, రెండుసార్లు సవరించుకుని అడిగింది.

"ఆపరేషనుకి వెళ్లిందని మాట్లాడకపోవడం. అది కూడా అబద్ధమేనా?"

"కాదమ్మా. అది నిజం."

"ఎవరిది మరి?"

గుమ్మంలో టముకు ఉంది. ఏళ్లతరబడి ఎదురెదురుగా నిలబడి దుప్పట్లు మడిచాం, ఆవిడకి ఈ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. మా ఆయన దేవుడు అని చెప్పేదాన్ని.

"నాది. మీ మావయ్య."

"ఆర్నెల్లలో మారిపోయారన్నారు కదా అత్తా."

"మారలేదమ్మా. నేను అలవాటు పడ్డాను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన తప్పు చెప్పినందుకు కాదు. అలవాటు పడటాన్ని నేనొక ఘనకార్యంలా ఈ పిల్ల చేతిలో పెట్టి పంపినందుకు.

ఆ పిల్ల పొయ్యి ఆపింది. గిన్నె మీద మూత పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"మీ తిరుగు బస్సు ఎన్నింటికి అత్తా?" అంది.

ముగ్గురం వచ్చాం. పెట్టె టముకు మోసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. బస్సు దిగాక నాతో చెప్పకుండానే కూతుర్ని తీసుకుని వాళ్ల సందులోకి మళ్లింది. రేపు దుప్పటికి ఆ కొస ఆవిడ పట్టుకుంటుందో, జోడీ మార్చమని సూపర్‌వైజరమ్మని అడుగుతుందో తెలియదు. అడిగితే నేను ఏమీ అనను.

ఇంటికొచ్చేసరికి ఆయన టీ పెట్టి ఉంచారు. అట్లాసు తెరిచి ఉంది. అమ్మడు వెళ్లాక కూడా ఆయన అగ్గిపుల్ల జరపడం మానలేదు. "ఈ పూటకి రేవులోకి వచ్చుండాలి" అన్నారు.

"అందరికీ చెప్పేశాను" అన్నాను. "ఓడ లేదని చెప్పేశాను. మీ సంగతి కూడా చెప్పాను. వానాకాలం సంగతి."

ఇంక మౌనమే అనుకున్నాను. సిద్ధపడే చెప్పాను. ఆయన అగ్గిపుల్ల తీసి జేబులో వేసుకున్నారు. పుస్తకం మూశారు. చాలాసేపు దాని అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూచున్నారు. తల ఎత్తి నన్ను చూశారు, మీటరు చూసినట్టు కాదు.

"అయితే ఇంక సాయంత్రాలు మనం ఏం మాట్లాడుకుంటాం?" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. పెరట్లో దుప్పటి ఆరేసి ఉంది. మా ఇంటి దుప్పటి ఎప్పుడూ నేనొక్కదాన్నే మడుస్తాను, ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టుకుని. వెళ్లి తెచ్చాను. ఒక కొస ఆయన చేతికిచ్చాను. ఎలా పట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

చెప్పాను.